మెదడు రక్తనాళంలో బుడగ: స్టెంట్ సాయంతో కాయిలింగ్ చికిత్స

మెదడుకు రక్తాన్ని చేరవేసే ధమని గోడ ఒకచోట బలహీనపడి, అక్కడ బుడగలా బయటికి ఉబ్బడాన్ని వైద్యులు అన్యూరిజం అంటారు. ఈ బుడగ పగిలితే మెదడు చుట్టూ రక్తం చిమ్ముతుంది, కొద్ది గంటల్లోనే ప్రాణాపాయం ఏర్పడవచ్చు. పుర్రెను తెరవకుండా, గజ్జ దగ్గరగాని మణికట్టు దగ్గరగాని ఉన్న రక్తనాళం గుండా సన్నని గొట్టాన్ని మెదడు వరకు పంపి, ఆ బుడగను లోపలినుంచే తీగచుట్టలతో పూడ్చే పద్ధతిని కాయిలింగ్ అంటారు. బుడగ మూతి మరీ వెడల్పుగా ఉన్నప్పుడు ఆ చుట్టలు బయటికి జారిపోకుండా రక్తనాళంలో జాలీ గొట్టం వంటి స్టెంట్‌ను అమర్చుతారు. దీనినే స్టెంట్ సాయంతో చేసే కాయిలింగ్ అంటారు.

ఈ చికిత్స పెద్ద నగరాల ఆసుపత్రుల్లో జరుగుతుంది. బళ్లారి జిల్లా సండూరు తాలూకాలోని యశ్వంతనగర్ వంటి గ్రామాల కుటుంబాలకు మాత్రం ఇందులో రెండు పనులు తప్పనిసరిగా మిగులుతాయి. మొదటిది, బుడగ పగిలిన సూచనను గుర్తించి రోగిని ఆలస్యం లేకుండా సి.టి. స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేర్చడం. రెండవది, చికిత్స ముగిసి ఇంటికి వచ్చిన తర్వాత రక్తాన్ని పలుచగా ఉంచే మాత్రలు ఒక్క పూట కూడా తప్పకుండా చూడడం. వైద్యుడు ఆపరేషన్ గదిలో చేసే పని కొద్ది గంటలది. దానికి ముందు గంటలు, తర్వాతి నెలలు కుటుంబం చేతిలోనే ఉంటాయి.

బుడగ ఎందుకు ఏర్పడుతుంది

మెదడు అడుగు భాగంలో ధమనులు ఒకదానితో ఒకటి కలిసి వలయంలా ఉంటాయి. అవి కొమ్మలుగా చీలే చోట రక్తపు ఒరవడి గోడను నిరంతరం తాకుతుంటుంది. ఏళ్ల తరబడి ఆ తాకిడికి గోడ పలుచబడినప్పుడు అక్కడ బుడగ పుడుతుంది. వయోజనుల్లో నూటికి దాదాపు ముగ్గురిలో ఇటువంటి బుడగ ఉండవచ్చని అంచనా. వారిలో అత్యధికులకు అది ఎన్నడూ పగలదు. ఉన్నట్టు కూడా తెలియదు. బుడగ పగిలి రక్తస్రావం జరిగేది ఏడాదికి లక్షమంది జనాభాలో పదిమంది లోపే.

పొగతాగడం, అదుపులో లేని రక్తపోటు, అతిగా మద్యం సేవించడం ప్రమాదాన్ని పెంచుతాయి. ఈ మూడూ మానవ ప్రయత్నంతో అదుపులోకి వచ్చేవే. తల్లిదండ్రులు, తోబుట్టువులలో ఇద్దరికిగాని అంతకంటే ఎక్కువమందికిగాని ఈ వ్యాధి వచ్చి ఉండడం, మూత్రపిండాలనిండా నీటితిత్తులు ఏర్పడే వంశపారంపర్య వ్యాధి ఉండడం కూడా ప్రమాద కారణాలే. ఈ వ్యాధి స్త్రీలలో కొంత ఎక్కువ. పగలడం తరచుగా 40 నుంచి 60 ఏళ్ల మధ్య వయసులో, అనగా ఇంటిభారం మోసే వయసులోనే సంభవిస్తుంది.

పగిలినప్పుడు కనిపించే లక్షణాలు

ముఖ్య లక్షణం అకస్మాత్తుగా వచ్చే భరించలేని తలనొప్పి. సాధారణ తలనొప్పి మెల్లగా మొదలై పెరుగుతుంది. ఇది అలా కాదు. పిడుగు పడినట్టు క్షణాల్లో, మహా అయితే నిమిషంలోపు, పతాక స్థాయికి చేరుతుంది. జీవితంలో ఇంతటి నొప్పి ఎన్నడూ ఎరుగనని రోగులు చెబుతారు. దానితోపాటు వాంతులు, మెడ బిగుసుకుపోవడం, వెలుగు చూడలేకపోవడం, మూర్ఛ, స్పృహ తప్పడం, ఒక కనురెప్ప వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం వంటివి ఉండవచ్చు. కొందరికి అసలు నొప్పికి కొద్ది రోజుల ముందు ఇటువంటిదే మరో తలనొప్పి వచ్చి తగ్గుతుంది. అది బుడగ కొద్దిగా కారిన సూచన కావచ్చు.

బళ్లారి ఎండల్లో ఇటువంటి తలనొప్పిని వడదెబ్బగా, పైత్యంగా, గ్యాస్‌గా, పార్శ్వపు నొప్పిగా పొరబడే అవకాశం ఎక్కువ. శొంఠి పట్టు వేయడం, దిష్టి తీయడం, మందుల దుకాణంలో నొప్పి మాత్ర కొని వేయడం వంటి పనుల్లో విలువైన గంటలు గడిచిపోతాయి. నొప్పి కొంత తగ్గినట్టు కనిపించినా ప్రమాదం తప్పినట్టు కాదు. ఒకసారి పగిలిన బుడగ మళ్లీ పగిలే అవకాశం మొదటి 24 గంటల్లోనే అత్యధికం. రెండవసారి పగిలితే బతికే అవకాశాలు బాగా సన్నగిల్లుతాయి.

ఇటువంటి తలనొప్పి వచ్చినప్పుడు చేయవలసినవి కొన్నే. నొప్పి మొదలైన సమయాన్ని కాగితంపై రాసుకోవాలి. 108కి ఫోన్ చేయాలి. వాంతులు అవుతూ స్పృహ తగ్గినవారిని పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టాలి. నోటి ద్వారా నీరు గాని, ఆహారం గాని ఇవ్వరాదు. ఆస్పిరిన్ ఎంతమాత్రం ఇవ్వరాదు. గుండెనొప్పికి మేలుచేసే ఆ మాత్ర మెదడులో రక్తస్రావం జరుగుతున్నప్పుడు దానిని మరింత పెంచుతుంది. రోగి రోజూ వాడే మాత్రలన్నింటినీ సంచిలో వేసి వెంట తీసుకువెళ్లాలి.

నిర్ధారణ

మొదటి పరీక్ష తలకు సి.టి. స్కాన్. నొప్పి మొదలైన 6 గంటల్లోపు తీసిన స్కాన్‌లో రక్తస్రావం దాదాపు ప్రతి సందర్భంలోనూ కనిపిస్తుంది. రోజులు గడిచేకొద్దీ రక్తం కరిగి స్కాన్‌లో కనబడడం తగ్గుతుంది. అప్పుడు నడుము దగ్గర వెన్నెముక నుంచి నీరు తీసి పరీక్షించవలసి వస్తుంది. తొందరగా వెళ్లినవారికి ఒక్క స్కాన్‌తో తేలే విషయం ఆలస్యమైనవారికి సూదిపోటుతో గాని తేలదు.

రక్తస్రావం ఉన్నదని తెలిసిన తర్వాత రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసే సి.టి. యాంజియోగ్రామ్‌లో బుడగ ఎక్కడున్నదీ తెలుస్తుంది. దాని ఆకారం, మూతి వెడల్పు, దాని నుంచి పుట్టే కొమ్మలు స్పష్టంగా తెలియడానికి గొట్టం పంపి తీసే యాంజియోగ్రామ్ చేస్తారు. మెదడు రక్తనాళాలను ఇలా ఎక్స్‌రేలో చూపే విధానాన్ని 1927లో పోర్చుగల్ వైద్యుడు ఈగాస్ మోనిజ్ లిస్బన్‌లో కనిపెట్టాడు. నేటి చికిత్సకు అదే పునాది.

క్లిప్ నుంచి కాయిల్ వరకు

తొలి మార్గం పుర్రె తెరిచి చేసే శస్త్రచికిత్స. 1937లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వైద్యుడు వాల్టర్ డాండీ బుడగ మూతికి వెండి క్లిప్ పెట్టి దానిని రక్తప్రవాహం నుంచి వేరుచేశాడు. ఆ పద్ధతి సూక్ష్మదర్శిని సాయంతో మెరుగుపడి నేటికీ కొనసాగుతున్నది. అమెరికా అధ్యక్షుడిగా 2021 నుంచి 2025 వరకు పనిచేసిన జో బైడెన్‌కు 1988లో మెదడులో బుడగ పగిలింది. అప్పుడు ఆయన వయసు 45. అదే ఏడాది రెండు శస్త్రచికిత్సలు జరిగాయి. సకాలంలో చికిత్స అందినవారు పూర్తి జీవితం గడపగలరనడానికి ఇది అందరికీ తెలిసిన ఉదాహరణ.

పుర్రె తెరవకుండానే బుడగను మూయాలన్న ప్రయత్నం 1970లలో మాస్కోలో సెర్బినెంకో చేసిన బెలూన్ చికిత్సలతో ఊపందుకున్నది. లాస్ ఏంజెలెస్‌లో పనిచేసిన ఇటలీ వైద్యుడు గుయిడో గుగ్లియెల్మి తలవెంట్రుకంత సన్నని ప్లాటినం తీగను మెత్తని చుట్టగా మలిచి, దానిని గొట్టం ద్వారా బుడగలోకి పంపి, స్వల్ప విద్యుత్తుతో మోసుకువచ్చిన తీగ నుంచి విడదీసే విధానాన్ని రూపొందించాడు. 1990లో తొలిసారి రోగికి ఉపయోగించిన ఈ కాయిల్‌కు 1995లో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించింది.

కాయిల్ బుడగనంతా తీగతో నింపదు. లోపలి చోటులో దాదాపు నాలుగోవంతు మాత్రమే తీగ ఆక్రమిస్తుంది. ఆ చుట్టల మధ్య రక్తం నెమ్మదించి గడ్డకడుతుంది. బుడగ లోపల రక్తం తిరగడం ఆగితే గోడమీద ఒత్తిడి తగ్గుతుంది. క్రమేణా మూతి మీద కొత్త పొర ఏర్పడుతుంది.

క్లిప్ మేలా, కాయిల్ మేలా అన్న ప్రశ్నకు 2002లో ప్రకటించిన ఒక పెద్ద అంతర్జాతీయ పరిశీలన కొంత సమాధానం ఇచ్చింది. బుడగ పగిలిన 2,143 మంది రోగులను అందులో చేర్చుకున్నారు. ఒక సంవత్సరం తర్వాత మరణించిన లేక ఇతరులపై ఆధారపడిన స్థితిలో ఉన్నవారు క్లిప్ పెట్టినవారిలో నూటికి దాదాపు 31 మంది కాగా, కాయిల్ పెట్టినవారిలో దాదాపు 24 మంది. అయితే ఆ పరిశీలనలో చేరినవి ప్రధానంగా రెండు పద్ధతులకూ అనుకూలంగా ఉన్న చిన్న బుడగలు. ప్రతి బుడగకూ ఆ ఫలితం వర్తించదు. కొన్ని స్థానాల్లోని బుడగలకు నేటికీ క్లిప్పే సరైన మార్గం. అందువల్ల ఒక ఆసుపత్రిలో క్లిప్ అని, మరొకచోట కాయిల్ అని చెప్పినంత మాత్రాన ఎవరో ఒకరు తప్పు చెబుతున్నారని భావించనక్కరలేదు.

స్టెంట్ అవసరం ఎక్కడ

సన్నని మూతిగల కుండలో వేసిన తాడు చుట్ట బయటికి రాదు. వెడల్పు మూతిగల పళ్లెంలో వేస్తే నిలవదు. బుడగ విషయమూ అంతే. మూతి 4 మిల్లీమీటర్లు లేక అంతకంటే వెడల్పుగా ఉన్నా, బుడగ వెడల్పు మూతి వెడల్పుకు రెండింతలకంటే తక్కువ ఉన్నా దానిని వెడల్పు మూతి బుడగగా లెక్కిస్తారు. ఇటువంటి బుడగలో కాయిల్ ఒక్కటే వేస్తే చుట్టలు అసలు ధమనిలోకి జారి, మెదడుకు వెళ్లే రక్తాన్ని అడ్డుకుంటాయి.

2024 ఆగస్టులో తుంగభద్ర జలాశయపు 19వ గేటు కొట్టుకుపోయిన సంఘటన బళ్లారి, రాయచూరు, అనంతపురం, కర్నూలు రైతులకు బాగా గుర్తున్నదే. ఇంజనీరు కన్నయ్యనాయుడి పర్యవేక్షణలో వరద పారుతుండగానే గాడుల్లోకి ఇనుప పలకలు దింపి నీటిని ఆపారు. పలక ఎంత బలమైనదైనా గాడి లేనిదే ప్రవాహంలో నిలవదు. మెదడులో కాయిల్‌కు స్టెంట్ అటువంటి ఆధారమే. ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. ఇక్కడ ప్రధాన ప్రవాహాన్ని ఆపరాదు. ధమనిలో రక్తం యథావిధిగా పారుతూనే ఉండాలి, పక్కనున్న బుడగ మాత్రమే మూసుకుపోవాలి.

గుండెకు వాడే స్టెంట్‌ను ఉపయోగించి, దాని ఆధారంతో మెదడులో కాయిల్ వేసిన తొలి రోగి వివరాలను 1997లో శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యులు ప్రకటించారు. మెదడు రక్తనాళాల వంపులకు తగిన మెత్తని స్టెంట్లు ఆ తర్వాత వచ్చాయి. న్యూరోఫామ్ అనే స్టెంట్‌కు 2002లోను, ఎంటర్‌ప్రైజ్ అనే స్టెంట్‌కు 2007లోను అమెరికాలో అనుమతి లభించింది. ఇవి నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ అనే మిశ్రలోహంతో చేసినవి. సన్నని గొట్టంలో ముడుచుకొని ప్రయాణించి, బయటికి వచ్చిన వెంటనే తమంతట తాము విచ్చుకుంటాయి. గుండె స్టెంట్‌ను లోపల బెలూన్ ఉబ్బించి విప్పవలసి ఉంటుంది. మెదడు స్టెంట్లలో ఎక్కువ వాటికి ఆ అవసరం లేదు.

చికిత్స జరిగే విధానం

రోగికి పూర్తి మత్తు ఇస్తారు. గజ్జ దగ్గరగాని మణికట్టు దగ్గరగాని ధమనిలోకి గొట్టం ప్రవేశపెట్టి, ఎక్స్‌రే తెరపై చూస్తూ మెడలోని ధమని వరకు తీసుకువెళ్తారు. అందులోనుంచి మిల్లీమీటరు కంటే సన్నని మరో గొట్టాన్ని బుడగ దాకా పంపుతారు. గొట్టాలలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ అనే మందు ఇస్తారు. స్టెంట్‌ను బుడగ మూతికి అడ్డంగా విప్పి, దాని జాలీ కన్నాల గుండా లేదా ముందే లోపల ఉంచిన గొట్టం ద్వారా కాయిళ్లను ఒకదాని తర్వాత ఒకటి నింపుతారు. మొదటి కాయిల్ బుట్టలాంటి చట్రంగా ఏర్పడితే, తర్వాతివి దాని లోపలి ఖాళీని నింపుతాయి. తలపై కోత ఉండదు.

కోత లేనంత మాత్రాన ప్రమాదం లేదని కాదు. చికిత్స జరుగుతుండగానే బుడగ పగలవచ్చు. స్టెంట్‌లో గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. గొట్టం పెట్టినచోట రక్తం చేరవచ్చు. ఎక్స్‌రే మందు వల్ల మూత్రపిండాలకు ఇబ్బంది కలగవచ్చు. ఇవి కొద్దిమందిలోనే జరుగుతాయి. అయినా సంతకం చేసే ముందు ఈ విషయాలను కుటుంబ సభ్యులు వైద్యుని అడిగి తెలుసుకోవడం వారి హక్కు. బుడగ పరిమాణం ఎంత, మూతి వెడల్పు ఎంత, స్టెంట్ లేకుండా సాధ్యమా, క్లిప్ పెట్టే వీలున్నదా, మాత్రలు ఎంతకాలం వాడాలి అన్న అయిదు ప్రశ్నలు తప్పక అడగదగినవి.

కొన్ని పెద్ద బుడగలకు కాయిల్ లేకుండా, దగ్గరి అల్లికగల ఫ్లో డైవర్టర్ అనే గొట్టాన్ని మాత్రమే అమర్చే పద్ధతి కూడా ఉన్నది. ఈ రకపు పైప్‌లైన్ అనే సాధనానికి 2011లో అమెరికాలో అనుమతి లభించింది. దానికీ మాత్రల నియమం వర్తిస్తుంది.

పగిలిన బుడగ, పగలని బుడగ

మరేదో కారణంతో తీసిన స్కాన్‌లో పగలని బుడగ బయటపడితే భయాందోళనలకు లోనుకానవసరం లేదు. 7 మిల్లీమీటర్లకంటే చిన్నవైన అనేక బుడగలకు పగిలే అవకాశం చాలా తక్కువ. అటువంటివారికి చికిత్స వల్ల కలిగే ప్రమాదమే అధికమని భావిస్తే, రక్తపోటును అదుపులో ఉంచి, పొగ మాన్పించి, నిర్ణీత కాలానికి ఒకసారి స్కాన్ తీస్తారు. బుడగ పరిమాణం, స్థానం, ఆకారం, రోగి వయసు, కుటుంబ చరిత్ర చూసి నిర్ణయిస్తారు. పగలని బుడగకు స్టెంట్ వేయదలిస్తే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలను కొద్ది రోజుల ముందే మొదలుపెడతారు.

పగిలిన బుడగ విషయంలో చిక్కు ఉన్నది. స్టెంట్ వేస్తే రక్తాన్ని పలుచబరిచే మందులు తప్పవు. కాని రోగి తలలో అప్పటికే రక్తస్రావం జరిగి ఉంటుంది. అందుచేత పగిలిన బుడగకు వీలైనంతవరకు కాయిల్ ఒక్కదానితోనో, తాత్కాలికంగా బెలూన్ అడ్డుపెట్టి కాయిల్ వేయడంతోనో, క్లిప్‌తోనో పని ముగించాలని చూస్తారు. వేరు మార్గం లేనప్పుడే స్టెంట్ వేస్తారు.

బుడగను మూసినంత మాత్రాన పగిలిన రోగి వెంటనే ఇంటికి రాలేడు. చిమ్మిన రక్తం వల్ల మెదడు ధమనులు నాలుగో రోజు మొదలు దాదాపు రెండు వారాల వరకు ముడుచుకుపోయే ప్రమాదం ఉంటుంది. దానివల్ల కలిగే నష్టాన్ని తగ్గించడానికి నిమోడిపిన్ మాత్రను 4 గంటలకొకసారి చొప్పున 21 రోజులు ఇస్తారు. తలలో నీరు చేరితే దానిని బయటికి పంపే గొట్టం పెట్టవలసి రావచ్చు. ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పిన తర్వాత కూడా రెండు మూడు వారాలు ఎందుకు ఉంచుతున్నారని కుటుంబాలు ఆందోళన చెందడం సహజం. దానికి కారణం ఇదే. ఈ కాలంలో రోగిని బలవంతంగా ఇంటికి తీసుకురావడం ప్రమాదకరం.

ఇంటికి వచ్చిన తర్వాత: మాత్రలే కాపలా

స్టెంట్ లోహపు వస్తువు. శరీరం దానిని కొత్త పొరతో కప్పేవరకు రక్తం దానిపై గడ్డకట్టే స్వభావం ఉంటుంది. గడ్డకడితే బుడగ నయమైన మనిషికే పక్షవాతం వస్తుంది. దీనిని ఆపడానికి సాధారణంగా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండింటినీ 3 నుంచి 6 నెలల వరకు, ఆ తర్వాత ఆస్పిరిన్ ఒక్కదానిని దీర్ఘకాలం వాడమంటారు. ఖచ్చితమైన గడువు చికిత్స చేసిన వైద్యుడే చెప్పాలి. క్లోపిడోగ్రెల్ కొందరి శరీరంలో సరిగా పనిచేయదు. అటువంటివారికి రక్తపరీక్ష చేసి వేరే మాత్ర ఇస్తారు.

ఒంట్లో బాగుందని, మాత్రలు ఖరీదని, కడుపులో మంటగా ఉన్నదని, ఉపవాసమని, జాతర ప్రయాణమని మాత్రలు మానివేయడం ఈ చికిత్సలో అతిపెద్ద ప్రమాదం. మాత్రలు అయిపోవడానికి కనీసం పది రోజుల ముందే తదుపరి నెలకు సరిపడా తెచ్చుకోవాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ జన ఔషధి కేంద్రాల్లో తక్కువ ధరకు దొరుకుతాయి.

కడుపుమంటకు గ్యాస్ మాత్రలు కొనుక్కోవడం ప్రతి గ్రామంలోనూ ఉన్న అలవాటు. వాటిలో ఒమెప్రజోల్, ఈసోమెప్రజోల్ అనేవి క్లోపిడోగ్రెల్ ప్రభావాన్ని తగ్గిస్తాయి. వైద్యుని అడిగి పాంటోప్రజోల్ వంటి తగిన మాత్రనే వాడాలి. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు, సూదులు తీసుకుంటే కడుపులో రక్తస్రావం జరగవచ్చు. జ్వరానికి, నొప్పికి పారాసిటమాల్ సురక్షితమైనది. పన్ను పీకించుకోవలసి వచ్చినా, మరో ఆపరేషన్ అవసరమైనా మాత్రలను సొంత నిర్ణయంతో ఆపరాదు. డెంగ్యూ వచ్చి ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు ఈ మాత్రలు వాడుతున్న సంగతి మొదటే చెప్పాలి. మలం నల్లగా రావడం, ముక్కునుంచి రక్తం ఆగకపోవడం, మాట తడబడటం, ఒకవైపు కాలుచేతులు బలహీనపడటం కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్లాటినం కాయిల్, నిటినాల్ స్టెంట్ ఉన్నవారికి సాధారణంగా ఎం.ఆర్.ఐ. తీయవచ్చు. అయితే ఆసుపత్రి ఇచ్చిన స్టెంట్ కార్డును ముందుగా చూపించాలి. ఆ కార్డు ప్రతిని ఇంట్లో ఒకటి, జేబులో ఒకటి ఉంచుకోవడం మంచిది.

యశ్వంతనగర్ నుంచి ఏ దారి

సండూరు తాలూకా ఆసుపత్రి ప్రాథమిక చికిత్సకు తోడ్పడుతుంది. అయితే ఇటువంటి తలనొప్పిలో లక్ష్యం సి.టి. స్కాన్. 1961లో ప్రభుత్వ వైద్య కళాశాలగా మొదలై, అందరూ విమ్స్ అని పిలిచే బళ్లారి పెద్దాసుపత్రి ఈ ప్రాంతానికి సహజమైన తొలి గమ్యం. అక్కడ రక్తస్రావం నిర్ధారణ అయితే మెదడు రక్తనాళ చికిత్స చేయగల కేంద్రానికి పంపుతారు. బెంగళూరులోని నిమ్హాన్స్, హైదరాబాదులోని నిమ్స్, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల, తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ దక్షిణాదిలో ఈ రంగంలో పేరున్న కేంద్రాలు. బెంగళూరు అయిదారు గంటల ప్రయాణం కనుక, బయలుదేరే ముందే బళ్లారి వైద్యుల చేత అక్కడి విభాగానికి ఫోన్ చేయించి, పడక, చికిత్సా బృందం ఉన్నదని తెలుసుకోవడం అవసరం. స్కాన్ ఫిల్ములు, సి.డి., రిఫరల్ చీటీ వెంట ఉండాలి.

కాయిళ్లు, స్టెంట్లు ఖరీదైనవి. ఒక్క బుడగకు పలు కాయిళ్లు పట్టవచ్చు కనుక ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది. 2018లో అమలులోకి వచ్చిన ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక పథకంలో బి.పి.ఎల్. కార్డు గల కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స అందుతుంది. అత్యవసరం కాని చికిత్సకు ప్రభుత్వ ఆసుపత్రి రిఫరల్ తప్పనిసరి. సరిహద్దు కుటుంబాలకు ఇక్కడొక చిక్కు ఉన్నది. భర్త పేరు కర్ణాటక కార్డులో, భార్య పేరు పుట్టింటివారి ఆంధ్ర కార్డులో ఉండడం ఈ ప్రాంతంలో కొత్త కాదు. రాష్ట్ర పథకం ఆ రాష్ట్రపు కార్డుదారులకే వర్తిస్తుంది. ఆంధ్ర కార్డు గలవారికి డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ వేరుగా ఉన్నది. పేర్ల మార్పును అవసరం రాకముందే పూర్తిచేసుకోవడం శ్రేయస్కరం. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి ఈ చికిత్స, ఇన్ని కాయిళ్లు, స్టెంట్ పథకంలో వస్తాయా అని ముందే అడగాలి. ఆయుష్మాన్ వివరాలకు 14555 నంబరు ఉన్నది.

భాష కూడా ఆలస్యానికి కారణం కావచ్చు. తెలుగు మాత్రమే వచ్చిన పెద్దలు డ్యూటీ డాక్టరుకు ‘తల నొస్తోంది’ అని మాత్రమే చెబితే అది మామూలు తలనొప్పిగా నమోదు కావచ్చు. కన్నడంలో ‘ఇద్దక్కిద్దంతె తలెనోవు బంతు’ అంటే తలనొప్పి అకస్మాత్తుగా వచ్చిందని అర్థం. స్పృహ తప్పిందనడానికి ‘ప్రజ్ఞె తప్పితు’ అని, మెడ బిగుసుకున్నదనడానికి ‘కుత్తిగె బిగియాగిదె’ అని చెప్పాలి. ఎన్ని గంటలకు మొదలైందో కూడా చెప్పాలి. రక్తాన్ని పలుచబరిచే మాత్రను ‘రక్త తెళువాగిసువ మాత్రె’ అంటారు. ఇంట్లో బడికి వెళ్లే పిల్లలకు ఈ నాలుగు మాటలు నేర్పితే అవసరానికి వారే దుబాసీలవుతారు.

తదుపరి పరీక్షలు

కాయిల్ వేసిన బుడగల్లో కొన్ని, నూటికి ఇరవై వరకు, కాలక్రమంలో మళ్లీ కొంత తెరుచుకుంటాయి. వాటిలో సగం వరకు తిరిగి చికిత్స అవసరం కావచ్చు. స్టెంట్ తోడైతే ఈ అవకాశం తగ్గుతుంది. అయినా ఆరు నెలలకు, ఆ తర్వాత వైద్యుడు చెప్పిన గడువుల్లో స్కాన్ తప్పనిసరి. మొదటిసారి బెంగళూరుకు అప్పుచేసి వెళ్లిన కుటుంబం రెండవసారి వెళ్లడానికి వెనకాడడం అర్థం చేసుకోదగినదే. కాని ఆ పరీక్ష మొదటి చికిత్సలో భాగమే గాని వేరు కాదు.

ఇంట్లో ఇద్దరికి ఈ వ్యాధి వచ్చి ఉంటే మిగిలిన తోబుట్టువులు, పిల్లలు పెద్దయ్యాక వైద్యుని సలహాతో స్కాన్ చేయించుకోవాలి. మిగిలినవారందరికీ స్కాన్ కంటే రక్తపోటు పరీక్ష ముఖ్యం. 30 ఏళ్లు దాటినవారికి ఆ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా జరుగుతుంది. బీడీ, సిగరెట్ మానడానికి ఖర్చు లేదు. బుడగ పగిలిన ఇంట్లో తక్కినవారు ఈ రెండింటినీ ఆనాడే మొదలుపెట్టడం మేలు.